అత్తయ్య ఎదుటి కుర్చీ

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఉండే వసుంధర గారు వచ్చి తలుపు కొట్టారు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. "ఎస్తేరు గారూ, మీకు బ్రిడ్జ్ వచ్చట కదా, మాకు నాలుగో మనిషి కావాలి" అన్నారు. ఈవిడకు ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని నాకు వెంటనే అనుమానం వచ్చింది. నా స్వభావం అంత. మా ఆయన బతికుండగా ఎప్పుడో లిఫ్టులో అన్నారట. వెళ్లాను. ఎన్నో ఏళ్ల తర్వాత పేకముక్కలు చేతిలోకి వచ్చాయి. ఇప్పుడు ఆటకు ముందు వేలంలా సాగే పాట కూడా నోటితో పాడరు, అచ్చు వేసిన అట్టముక్కలు తీసి బల్ల మీద పెడతారు. గొంతులో హెచ్చుతగ్గులతో జతగాడికి సైగలు అందుతాయని ఆ ఏర్పాటు. నలుగురం మూగవాళ్లలా కూర్చున్నాం. రెండో ఆటలో నాకు ఎదురుగా కూర్చున్నావిడ తన ముక్కలన్నీ బల్ల మీద పరచగానే నా నోరు దానంతటది తెరుచుకుంది. "ఇస్పేట్లు నాలుగు, ఆసు ఉంది, ఆఠీన్లు రెండే..." అని పైకి చదవడం మొదలుపెట్టాను. ముగ్గురూ నా వైపు చూశారు. "అలా చదవకూడదండీ" అన్నారు వసుంధర గారు, నవ్వుతూనే, కానీ ఆ చూపు నాకు తెలుసు. ఒకప్పుడు నేను ఇంకొకరిని అలాగే చూశాను.

నాకప్పుడు ఇరవై ఒకటో ఏడు. బాపట్లలో మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. పేకాట, పొగాకు, సినిమా, ఈ మూడూ మా ఇంట్లో ఒకే గొంతుతో పలికే మాటలు. అలాంటి ఇంటి నుంచి పెళ్లయి చిలకలగూడలో అత్తవారింటికి వచ్చాను. స్టేషన్‌కు దగ్గర. ఉతికి ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి బొగ్గు నుసితో బూడిద రంగుకు తిరిగేది. బళ్లు మార్చే ఇంజను కూత వినబడితే గాని మా మామయ్య ప్రకాశరావు గారు షేవింగ్‌కు కూర్చునేవారు కాదు. ఆయన రైల్వేలో హెడ్ క్లర్కు. రోజూ పొద్దున బూట్లకు తనే పాలిష్ పెట్టుకుని, అద్దంలో చూసుకున్నట్టు వాటిలో ముఖం చూసుకునేవారు. అత్తయ్య రత్నమ్మ గారు ఆడపిల్లల బడిలో టీచరు. ఆదివారం రాత్రి ఆరు చీరలకు గంజి పెట్టి, వారానికి సరిపడా మడతలు పెట్టుకునేది. ఆవిడ నడుస్తుంటే గంజి చీర గరగరమనే చప్పుడు ముందు గదిలోంచి వంటింటి దాకా వినపడేది. కొబ్బరినూనె, గంజి, బొగ్గు, మామయ్య బూట్ల పాలిష్ కలిసి ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. మా ఆయన నిజామాబాదులో ఉద్యోగం చేస్తూ శనివారం పొద్దుపోయాక వచ్చి సోమవారం పొద్దున వెళ్లిపోయేవారు. వారమంతా నేనూ, అత్తమామలూ.

వచ్చిన మొదటి శనివారమే నాకు ఏదో తేడాగా అనిపించింది. మధ్యాహ్నం భోజనాలు కాగానే అత్తయ్య వీధి వైపు కిటికీ మూసి గడియ పెట్టింది. పెరటి వైపు కిటికీ మాత్రం బార్లా తెరిచింది. "కాసేపు పడుకో ఎస్తేరూ" అని నన్ను లోపలి గదికి పంపింది. మూడు గంటలకు ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ముందు గది తలుపు దగ్గరికి వేశారు. గోడకు చెవి ఆనించి వింటే మాట తక్కువ, మధ్యమధ్య బల్ల మీద ఏదో పడుతున్న చిన్న చప్పుడు. వచ్చిన ఇద్దరిలో ఒకాయన గొంతు మాత్రం ఆగకుండా వినపడేది. రెండు శనివారాలు ఓపిక పట్టాను. మూడో శనివారం మంచినీళ్ల వంకతో తలుపు తోశాను. నలుగురి చేతుల్లో పేకముక్కలు! ప్రతి ఆదివారం గుడిలో ముందు వరసలో కూర్చునే అత్తయ్య చేతిలో కూడా.

నా ముఖం చూసి ఆవిడ కంగారు పడలేదు. "డబ్బుకు కాదు. కిటికీ ఎందుకు మూశామంటావా, పాస్టరు గారి ఇల్లు ఎదురుసందులో. ఆయన్ని బాధపెట్టడం ఎందుకని" అంది. నేను నమ్మలేదు. వాళ్లు వెళ్లాక బల్ల కింద, కుర్చీల దిండ్ల కింద వెతికాను. ఒక్క పైసా దొరకలేదు. దొరకనందుకు నా అనుమానం ఇంకా పెరిగింది.

నాలుగో మనిషి మామయ్య ఆఫీసు స్నేహితుడు. ఆయనకు ఆ వానాకాలంలో బిట్రగుంటకు బదిలీ అయింది. రెండు శనివారాలు బల్ల ఖాళీగా ఉండిపోయింది. మామయ్య బూట్లు తుడిచిందే తుడుస్తూ కూర్చున్నారు. మూడో వారం అత్తయ్య వంటింట్లో నా పక్కన పీట వేసుకుని, చింతపండు పిసుకుతూ, "నువ్వు గోడ దగ్గర నిలబడి వినే బదులు బల్ల దగ్గర కూర్చుని చూడరాదూ" అంది. నా చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. ఆవిడకు తెలుసన్నమాట.

అలా నేర్చుకున్నాను. అత్తయ్య చెప్పే తీరు బడిలో లెక్కలు చెప్పినట్టే ఉండేది. యాభై రెండు ముక్కలు, తలా పదమూడు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒక జత. పక్కన ఉన్నవాళ్లు ప్రత్యర్థులు. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు. ముందు పాట, అంటే ఎన్ని పట్లు గెలుస్తామో ఒప్పుకోవడం. పాట నెగ్గిన వాడి జతగాడు తన పదమూడు ముక్కలూ బల్ల మీద తెరిచి పరిచి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఆయన్ని డమ్మీ అంటారు. ఆ ముక్కలు కూడా జతగాడే ఆడతాడు. "నీ జతగాడి చేతిలో ఏముందో నీకు పాటలోంచి, ఆడిన ముక్కలోంచి తెలియాలి. కన్ను కొట్టి, దగ్గి, ముక్కు గోక్కుని చెప్పుకుంటే అది దొంగాట" అంది. ఆ చివరి మాట నేను మిగతా వాటికంటే బాగా గుర్తు పెట్టుకున్నాను.

అత్తమామలు ఒక జతగా ఆడేవారు కాదు. పెళ్లయిన కొత్తలో ఆడితే మూడు రోజులు మాటలు ఉండేవి కావట, అందుకని మానేశారు. అత్తయ్యకు ఎదురుగా యాదగిరి గారు కూర్చునేవారు. రెజిమెంటల్ బజారులో మిలిటరీ దుస్తులు కుట్టే దుకాణం ఆయనది. కొలతలు తీసుకోవడానికి ఆఫీసర్ల బంగళాలకు వెళ్లి వెళ్లి, వాళ్ల దగ్గరే ఈ ఆట నేర్చుకున్నారట. కొత్త ఖాకీ బట్ట వాసన, వేళ్లకు తెల్ల సుద్ద. వచ్చేటప్పుడు పొట్లంలో ఫైన్ బిస్కెట్లు తెచ్చేవారు. నేను మామయ్యకు ఎదురుగా కూర్చునేదాన్ని.

యాదగిరి గారి నోరు ఒక్క నిమిషం ఊరుకునేది కాదు. ఎవరు ఏ ముక్క వేసినా దాని పేరు పైకి అనాల్సిందే. "అగో, రావు సాబ్ డైమన్ రాణి ఏసిండు, ఏం రువాబు!" అనేవారు. నేను ముక్క వేస్తే, "బిడ్డ కళావర్ తొమ్మిది ఇడిసింది, జెర సోచాయించుండ్రి టీచరమ్మా" అనేవారు. తను డమ్మీ అయినప్పుడు మరీను. ఒక్కో ముక్క పెడుతూ, "ఇస్పేట్లు నాలుగున్నయ్, ఆసు సుత ఉన్నది. ఆఠీన్లు రెండే, ఏం జేస్త, నా నసీబు గంతే" అని బజారులో సరుకు చెప్పినట్టు చెప్పేవారు. మామయ్య విసుక్కునేవారు. "మాకూ కళ్లున్నాయయ్యా" అనేవారు. అత్తయ్య మాత్రం ఏమీ అనేది కాదు. ఎవరి మాటా సహించని మనిషి, బడిలో ఈగ వాలినా వినపడాలనే మనిషి, ఆ వాగుడంతా తల కొంచెం పక్కకు వంచి శ్రద్ధగా వినేది. వాళ్లిద్దరూ ఓడిపోవడం నేను చాలా తక్కువ సార్లు చూశాను.

ఆయన అత్తయ్యను ఒకసారి "టీచరమ్మా" అనేవారు, ఒకసారి "మేడం" అనేవారు, ఒకసారి ఏదీ అనేవారు కాదు. ఇందులో ఏదో గుట్టు ఉందని నాకు గట్టిగా అనిపించింది. నా కీర్తనల పుస్తకం చివరి పేజీల్లో రాసుకోవడం మొదలుపెట్టాను. ఏ మాట అన్నారు, ఆ తర్వాత ఆవిడ ఏ ముక్క వేసింది. రెండు నెలలు రాశాను. పొంతన కుదరలేదు. అయినా అనుమానం పోలేదు, ఇంకో వైపు తిరిగింది. ఈ వయసులో ఒక పరాయి మగవాడితో ఈవిడకు ఇంత మౌనపు స్నేహం ఏమిటి? ఆయన లేచి వెళ్లేటప్పుడు గుమ్మం దాకా ఆవిడ ఎందుకు సాగనంపుతుంది? ఒకరోజు మెట్టు దగ్గర ఆయన ఆవిడ మోచేయి పట్టుకోవడం చూశాను. ఒక్క క్షణమే. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. మా నాన్నకు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను.

చివరకు మామయ్యను పట్టుకున్నాను. ఆయన అసలే విసుగు మీద ఉన్నారు. "మామయ్యా, ఒక్క వారం ఎవరూ మాట్లాడకుండా ఆడదామా? పాట తప్ప ఇంకో మాట ఉండకూడదు. అప్పుడెవరు గెలుస్తారో చూద్దాం" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఆ శనివారం కూర్చోగానే ప్రకటించారు.

యాదగిరి గారు కలుపుతున్న ముక్కలు ఆపేశారు. "గిట్ల నోరు కట్టేసుకొని ఆడేది ఏం ఆట సార్? నేనాడ" అన్నారు.

"ఏం, మాట్లాడకపోతే ఓడిపోతారా?" అన్నాను నేను. ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ అది ఎంత దూరం వెళ్లిందో నాకు తెలియలేదు. మామయ్య నా వైపు చూసి, వాళ్లిద్దరి వైపు చూశారు. ఆయనకూ ఏదో తట్టింది.

అత్తయ్య చీర కొంగు సర్దుకుంది. "పంచండి యాదగిరి గారూ. ఆడదాం" అంది.

రెండో ఆటలో పాట మామయ్య నెగ్గారు. నేను డమ్మీ. నా ముక్కలు పరిచి చేతులు కట్టుకున్నాను. డమ్మీకి చూడటం తప్ప పని లేదు, అదే నాకు కావలసింది. గదిలో చప్పుడు లేదు. మామయ్య డైమన్ రాజు వేశారు. అత్తయ్య తన ముక్కల్ని పెరటి కిటికీ వెలుగు వైపు తిప్పి, ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, ఒక ఆఠీను తీసి వేసింది. అంటే ఆవిడ దగ్గర డైమన్లు లేవని అర్థం. ఉంటే డైమనే వేయాలి, అది నియమం. మామయ్య తల ఊపి ఆ లెక్కన ఆట నడిపారు. మరో రెండు పట్లు పోయాక అత్తయ్య ఒక డైమన్ వేసింది.

మామయ్య చేయి గాలిలో ఆగిపోయింది. "ఇదేమిటి రత్నా? ఇందాక లేదన్నావు, ఇప్పుడెక్కడిది?"

ఆవిడ కుడిచేయి బల్ల అంచు వెంబడి మెల్లగా పాకుతూ, మధ్యలో పడి ఉన్న ముక్కను వెతుకుతోంది. ముక్క ఆవిడ వేళ్లకు జానెడు దూరంలో ఉంది. మామయ్య ఆ చేతిని చూడలేదు. "ముప్పై ఏళ్లుగా ఆడుతున్న మనిషివి, ఇంత దొంగాటా..." అంటున్నారు.

యాదగిరి గారు తన ముక్కలు బోర్లా పెట్టేశారు. "చాలు సార్. ఇగ చాలు. టీచరమ్మకు కనబడ్తలేదు."

పెరట్లో పంపు కింద బిందె నిండి పొర్లుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నారు మామయ్య.

"ఏడాదిన్నర దాటింది" అంది అత్తయ్య. గొంతు బడిలో హాజరు పిలిచినట్టే ఉంది. "చేతిలో ముక్క దగ్గరగా పెట్టుకుంటే కనపడుతుంది. బల్ల మీదివి రంగు మరకల్లా ఉంటాయి. ఎరుపులు రెండూ ఒకటే."

"ఇతనికి చెప్పావు. నాకు చెప్పలేదు."

"నేను చెప్పలేదు. ఆయనే కనిపెట్టాడు."

"ఎట్ల కనిపెట్టినవని అడుగుండ్రి సార్, చెప్త" అన్నారు యాదగిరి గారు. "కండ్లు మందగించిన దర్జీలను శానమందిని చూసిన. మొదలు ఎల్తురు దిక్కు తిరిగి కూసుంటరు. తర్వాత పక్కోని మీద చిరాకు పడ్తరు. టీచరమ్మ ముక్కలు పట్టే తీరు గట్లనే ఉండె. ఎదురుంగ కూసున్నోన్ని, నాకు కనబడకుంట ఎట్లుంటది? ఎవ్వరికీ చెప్పొద్దని మాట తీసుకున్నది. నౌకరీ పోతదని. ఇంకా రెండేండ్లున్నదాయె. గందుకే పడ్డ ముక్కల పేర్లన్ని పైకి చెప్తున్న."

"మీరు నా పక్కన కూర్చుంటారు" అంది అత్తయ్య మామయ్యతో. కోపంగా కాదు. "పక్కన కూర్చున్న ప్రత్యర్థులు ముక్కల కోసం చూస్తారు, మనిషిని కాదు." తర్వాత నా వైపు తిరిగింది. నేను ఉన్న చోటికి కొంచెం ఎడమగా చూస్తూ, "నీ అనుమానం తీరిందా ఎస్తేరూ?" అంది.

కీర్తనల పుస్తకం చివరి పేజీలు ఆ సాయంత్రమే పొయ్యిలో వేశాను.

తర్వాతి సోమవారం మామయ్య సెలవు పెట్టి ఆవిడను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నాడాయన. పోయిన చూపు తిరిగి రాదు. రోజూ చుక్కలు వేసుకుంటే మిగిలినది కొన్నేళ్లు నిలవవచ్చు. "ఏడాది ముందు వస్తే చాలా మిగిలేది. ఇంకో ఆరు నెలలు ఆగితే ఇదీ మిగిలేది కాదు" అన్నాడు. ఆ రెండు వాక్యాలను నేను ఇప్పటికీ విడివిడిగా తూకం వేస్తూ ఉంటాను. యాదగిరి గారు మంచితనంతో ఏడాదిన్నర దాచారు. నేను పాడుబుద్ధితో ఒక్క రోజులో బయటపెట్టాను. ఎవరి వల్ల ఆవిడకు మేలు జరిగిందో చెప్పమంటే నాకు చెప్పడం రాదు. నేనే కాపాడానని ఎప్పుడైనా మనసు గొప్పలు పోతే, బల్ల అంచు వెంబడి పాకిన ఆ చేయి కనిపిస్తుంది.

యాదగిరి గారు రావడం మానేశారు. మామయ్య రావద్దని అనలేదు, రమ్మని కూడా అనలేదు. ఒక్కసారి మాత్రం రెజిమెంటల్ బజారులో ఎదురుపడితే, "నాకొక్క మాట చెప్పవలసింది" అన్నారట. "అవు సార్, తప్పయింది. ఆమె మాట నిలబెట్టిన, ఆమె కండ్లు నిలబెట్టలే" అన్నారట ఆయన. ఈ మాట మామయ్య ఇంటికొచ్చి మాకు చెప్పారు. మా ఇంట్లో అనుమానం అప్పటిదాకా నా ఒక్కదాని సొత్తు. ఆ తర్వాత మామయ్యకూ అంటుకుంది. అత్తయ్య ఉప్పు డబ్బా కోసం చేయి చాపినా, "కనపడుతోందా, లేదా? నిజం చెప్పు" అనేవారు. ఇంకేం దాచిందోనని ఆవిడ పెట్టె తీసి చూసేవారు. నేను గదిలోకి వెళితే అత్తయ్య పని ఆపేసేది. ముగ్గురం ఒకరినొకరం కాపలా కాస్తూ బతికాం.

బడిలో అత్తయ్య తనే వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పింది. ఆ హెడ్‌మిస్ట్రెస్ పెద్ద మనసున్న మనిషి. నోటితో చెప్పే పాఠాలే ఇచ్చి ఉంచుకుంది. పిల్లల నోటుబుక్కులు ఇంటికి వచ్చేవి. నేను చదివేదాన్ని, ఆవిడ కళ్లు మూసుకుని వింటూ తప్పు ఎక్కడుందో చెప్పేది, నేను ఎర్ర సిరాతో గీత పెట్టేదాన్ని. మధ్యమధ్య చదివిన వాక్యమే మళ్లీ చదివించేది. నేను సరిగ్గా చదువుతున్నానో లేదో చూడటానికి. నమ్మడం లేదని నాకు తెలుసు. అది నాకు రావలసిన శిక్షే అనుకుని మళ్లీ చదివేదాన్ని. రెండేళ్లూ అలాగే గడిచాయి. బడి వాళ్లు పూలదండ వేసి పంపారు.

ఇప్పుడు మా కింది అంతస్తు బల్ల దగ్గర అన్నీ పద్ధతి ప్రకారం ఉన్నాయి. దొంగాటకు సందు లేకుండా గొంతును తీసేశారు, ముఖం మీద ఏ మార్పూ రానివ్వరు. బాగానే ఉంది. అనుమానపు మనిషినైన నాకు ఇంతకంటే నచ్చవలసిన ఏర్పాటు లేదు. కానీ నాకు ఎదురుగా కూర్చునే ఆవిడకు మోకాలి నొప్పి ఉందో, ఇంట్లో దిగులుందో నాకు తెలిసే దారి లేదు. ఆమాటకొస్తే, నలుగురం గలగలా మాట్లాడుకున్న రోజుల్లో కూడా నాకు తెలియలేదు. తెలిసింది ఒక్కడికే.

అత్తయ్య రిటైరైన నెలలోనే ఒక శనివారం మధ్యాహ్నం మామయ్య బూట్లు వేసుకుని ఎక్కడికో వెళ్లారు. గంట తర్వాత యాదగిరి గారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన చేతిలో బిస్కెట్ల పొట్లం లేదు, పిలుస్తారని అనుకోలేదు కాబోలు. గుమ్మంలో చెప్పులు విడిచి అక్కడే నిలబడిపోయారు. అత్తయ్య అడుగుల చప్పుడు విని, "లోపలికి రండి యాదగిరి గారూ" అంది. కుర్చీలు వేశాను. అలవాటు ప్రకారం ఆయన అత్తయ్య ఎదుటి కుర్చీ వైపు నడిచారు. మామయ్య ఆయన భుజం మీద చేయి వేసి ఆపారు. "అది నాది" అన్నారు. వెళ్లి భార్యకు ఎదురుగా కూర్చున్నారు, పెళ్లయిన కొత్తలో మానేశాక మళ్లీ ఆ రోజే. యాదగిరి గారు నాకు జత అయ్యారు.

మొదటి ఆటలోనే పాట అత్తయ్య నెగ్గింది. మామయ్య డమ్మీ. ఆయన ముక్కలు ఒక్కొక్కటే పెడుతూ పైకి చదివారు. "ఇస్పేట్లు... రాజు, పది, ఆరు. ఆఠీన్లు... ఆసు, రాణి, మూడు..." అత్తయ్య తల వంచి విన్నది. యాదగిరి గారి వైపు తిరిగి, "ఆయన చెప్పింది నిజమేనా?" అని అడిగింది.

ప్రత్యర్థిని అడగడం! యాదగిరి గారు మామయ్య ముఖంలోకి చూశారు. మామయ్య తల దించుకున్నారు. "నిజమే టీచరమ్మా. కళావర్ రెండు ముక్క ఒక్కటి మర్సిండు, గంతే" అన్నారు ఆయన. మామయ్య ముందు ఎర్రబడి, తర్వాత నవ్వేశారు. ఆయన నవ్వగా నేను విని రెండేళ్లయింది. అత్తయ్య ఆ ఆట గెలిచింది.

సాయంత్రం మగవాళ్లిద్దరూ పెరట్లో టీ తాగుతుంటే నేను ముక్కలు సర్దుతున్నాను. అత్తయ్య వచ్చి నా పక్కన కూర్చుంది. నా చేతిలోంచి పేక తీసుకుని అంచులు సమంగా తట్టింది.

"మమ్మల్ని ఇంకా అనుమానిస్తున్నావా?" అంది.

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆవిడకు నా ముఖం కనపడదు, గొంతు మాత్రం పట్టేస్తుంది. "ఇవాళ మామయ్య ఆ కళావర్ రెండును కావాలనే మర్చిపోయారేమో అనిపించింది అత్తయ్యా" అన్నాను.

"నాకూ అనిపించింది" అంది. పేక నా చేతిలో పెట్టింది. "వచ్చే వారం నువ్వు బాగా చూడు. చూసింది నాకు చెప్పు. ముందు నాకే."